అడిగి తాగిన రెండో గ్లాసు

ఆదివారం సాయంత్రం అయిదయ్యేసరికి బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో నాకు శిక్ష మొదలవుతుంది. మా అల్లుడు వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, ఆ అలసట తీర్చుకోవడానికి బాల్కనీలో వాషింగ్ మెషీను పక్కన ఒక స్టీలు డ్రమ్ము పెట్టుకుని బీరు కాస్తాడు. అలాంటి వాళ్ళే ఊళ్ళో మరో నలుగురున్నారట. ఒకతను గన్నవరం నుంచి బస్సెక్కి మరీ వస్తాడు. ఎవరు కాచిన సీసాలు వాళ్ళు తెచ్చుకుంటారు, అందరూ అందరివీ రుచి చూస్తారు, ఆ తరవాత వాటి గురించి మాట్లాడుకుంటారు. ఈ మూడో పని దగ్గరే నా సహనం నురగలా పొంగి పొర్లుతుంది.

ఒకాయన గ్లాసులో ముక్కు ముంచి నారింజ తొక్క అంటాడు, ఇంకొకాయన కాదు బత్తాయి అంటాడు, మూడో ఆయన కళ్ళు మూసుకుని తడిసిన మట్టి వాసన వస్తోందంటాడు. తడిసిన మట్టే కావాలంటే కాలవ గట్టుకు పోతే సరిపోయేది కదా అని నేను అనుకుంటాను గాని అనను. మొన్న ఆ గన్నవరం అతను, "బాడీ బాగుంది బ్రో, ఫినిష్ మాత్రం కొంచెం తొందరగా అయిపోయింది" అన్నాడు. బాడీ, ఫినిష్ అన్న మాటలు ఒకే వాక్యంలో వినబడితే నా వయసువాడికి ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు. ఇంత ఉపన్యాసమూ ఇచ్చి, తాగేది మాత్రం ఒక్క గుక్క. ఆ గుక్కకు ఫోనులో నాలుగు చుక్కలు పెడతారు. అందరూ అందరికీ నాలుగే.

"మామయ్యగారూ, మీరు చెప్పండి. ఎన్ని స్టార్లు?" అన్నాడు అల్లుడు.

బీరుకూ నాకూ ఉన్నది బీరకాయపీచు సంబంధం కాదు, దగ్గరి చుట్టరికమే. నేను బీరు కాచినవాణ్ణి, కాచి పేల్చినవాణ్ణి. కానీ మేము కాచుకున్న రోజుల్లో చుక్కలు లెక్కపెట్టడానికి ఆకాశం ఒకటే ఉండేది.

మద్యనిషేధం వచ్చి దుకాణాలన్నీ మూతబడిన ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేను అప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో సేల్స్‌మన్‌ని. మా అక్కను మంగళగిరిలో మగ్గం మీద బతికే ఇంటికి ఇచ్చారు. బావ నేసేవాడు, అక్క నూలు తోడి, మగ్గం మీద నిలువుగా సాగే పడుగు పోగులకు గంజి పట్టించేది. బీరు కాచే మా ముఠాలో మూడో ఆయన బావకు చిన్ననాటి స్నేహితుడు, కొల్లేటి చేపలు తెచ్చి టోకున అమ్మేవాడు, నేను ఆయన్ను అన్నయ్యగారూ అనేవాణ్ణి. బార్లీ గింజలు కొనడానికి పచారీ కొట్టుకు పోతే కొట్టాయన జాలిగా చూసి, "రాయి ఎంత సైజులో ఉందన్నారండీ?" అని మూత్రపిండాల క్షేమం అడిగేవాడు. మా ముగ్గురికీ కలిపి ఆయన లెక్కలో ఒక చిన్న క్వారీ ఉండేది.

గింజలను మొలకెత్తించడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. వరి విత్తనం మండె కట్టినట్టే నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, మొలక రాగానే ఎండబెట్టి దంచడమే. వేడినీళ్ళలో నానేసి, వడగట్టి, మరగబెట్టి, చల్లారాక బేకరీలో అడిగి తెచ్చిన ఈస్టు కలిపి వదిలేస్తే మిగతాది దేవుడు చూసుకునేవాడు. ఆయన కూడా సరిగ్గా చూసుకునేవాడు కాదు. చేదు కోసం ఏం వెయ్యాలో తెలియక మెంతులు వేసేవాళ్ళం.

పక్షానికో ఆదివారం బావ ఇంట్లో సభ. గుంట మగ్గం సంగతి మీకు చెప్పాలా, నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్ళు గోతిలోకి వేసి తొక్కుతాడు కదా, నడి వేసవిలో కూడా ఆ గుంట చల్లగా ఉంటుంది. మా సీసాలన్నీ అందులో, బావ కాళ్ళ పక్కన, బుద్ధిగా గోడకానుకుని ఉండేవి. ఆయన నేస్తూ ఉంటే ఒక కాలు చీరకు, ఒక కాలు బీరుకు కాపలా.

మాటలంటే మాకు నమ్మకం లేదు. కారణం, ముగ్గురమూ వ్యాపారాల వాళ్ళం. రంగు వెలిసిపోయే చీరను "మీకోసమే నేసినట్టుందమ్మా" అని అమ్మే నోరు నాది. నిన్నటి చేపను ఇప్పుడే వలలోంచి దూకిందనే నోరు అన్నయ్యగారిది. అలాంటి నోళ్ళలోంచి వచ్చే బాగుందికి విలువేముంటుంది? అందుకని ఒకటే నియమం. మొదటి గ్లాసు మర్యాద, అది ఎవరైనా తాగాలి, తాగి ఏమైనా అనుకోవచ్చు. రెండో గ్లాసు మాత్రం నోరు తెరిచి అడగాలి. కాచినవాడు తనంతట పోస్తే లెక్కలోకి రాదు. అడిగినవాడు అందరి ముందూ చివరి చుక్కదాకా తాగాలి. దానితో మొహమాటాలన్నీ చచ్చాయి, ఎందుకంటే ఆ బీరు మొహమాటానికి తాగగలిగేది కాదు.

నా సంగతి అడగకండి. సీసాల్ని అద్దెగదిలో బీరువాలో బట్టల మధ్య దాచాను. బీరువా పేరులోనే బీరుంది కదా, దోషం లేదనుకున్నాను. ఒక మధ్యాహ్నం మూడు సీసాలు వరసగా పేలాయి. ఇంటివాళ్ళావిడ గుమ్మంలో నిలబడి, "ఏమబ్బాయ్, పెళ్ళి కాకుండానే టపాసులేంటి?" అంది. అన్నయ్యగారి బీరు చేపల ఐసుపెట్టెలో ప్రయాణం చేసి వచ్చేది కాబట్టి అమృతంలా చల్లగా ఉండేది, వాసన మాత్రం జెల్లల పులుసు. ఒకసారి ఎండ మండిపోతున్నప్పుడు ఆయనకు రెండో గ్లాసు దక్కింది గాని, అడిగింది బీరునా ఐసునా అని బావ చాలాకాలం వాదించాడు.

బావకు ఒక్కసారి కూడా దక్కలేదు. మాలో శ్రద్ధగా కాచేది ఆయనే, మెంతుల దగ్గరే చెయ్యి పెద్దది. నేను వేళాకోళం చేస్తే నవ్వేవాడు గాని, ఆ కోరిక ఆయనకు ఎందుకంత బలమైనదో నాకు కొట్లో పనిచేస్తున్నప్పుడే అర్థమైంది. ఆయన నేసిన చీర నేనే విప్పి చూపించేవాణ్ణి. కొన్నావిడ అంచు తడిమి మురిసిపోయి, మా యజమానితో మీ కొట్లో సరుకు బాగుంటుందండీ అని వెళ్ళిపోయేది. ఆ మాట వారధి దాటి మంగళగిరి చేరేది కాదు. జన్మలో ఒక్కడైనా ఎదురుగా కూర్చుని, నీ చేతిది ఇంకాస్త కావాలని అడగాలని ఆయన ఆశ. అడగాల్సిన ఇద్దరిలో ఒకణ్ణి నేను. నా వల్ల కాలేదు, ఆ మెంతులు అలాంటివి.

ఇలా ఉండగా ఒక వారం అక్క పడుగు పాడైంది. వీధిలో చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెట్టిన పడుగు బిరుసెక్కాల్సింది పోయి మెత్తగా, జిగటగా ఉండిపోయింది. మగ్గానికి ఎక్కించాక పోగులు నూగు లేచి పుటుక్కు పుటుక్కున తెగడం, బావ అతకడం. పైగా ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎర్రచీమలు, పోగుల వెంట పెళ్ళివారిలా బారులు తీరాయి. అక్క గంజి కాచిన నూకల్ని తిట్టింది, బావ నూలును తిట్టాడు, నూలు ఇచ్చింది మా కొట్టు కాబట్టి చివరికి ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. చీరలు సగం ధరకు పోయాయి.

రెండు వారాల తరవాత సభ. బావ గుంటలోంచి సీసా తీసి పోశాడు. లేత గడ్డి రంగు, తేటగా ఉంది. అన్నయ్యగారు మందు మింగబోయేవాడిలా కళ్ళు మూసుకుని తాగి, కళ్ళు తెరిచి, గ్లాసులోకి ఒకసారి చూసి, దాన్ని ముందుకు చాపాడు.

"ఏంటి?" అన్నాడు బావ.

"ఇంకో గ్లాసు పొయ్యి."

బావ సీసాను ఒళ్ళోకి లాక్కున్నాడు. "వేళాకోళమా?"

"అడుగుతున్నాను కదయ్యా, నోరు తెరిచి. పొయ్యి." ఆ వెనకే నేనూ చాపాను. నిజంగానే దాహంతో చాపాను, అది మాత్రం నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. బావ కొంత నేల మీద ఒలకబోసి, మిగతాది గ్లాసుల్లో పోసి, కళ్ళు తుడుచుకుంటూ పొగ వచ్చిందన్నాడు. ఆ వేళప్పుడు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

అంతటితో ఆగితే ఎంత బాగుండేది. అన్నయ్యగారు రెండో గ్లాసు దించి, పెదాలు తుడుచుకుని, "ఏం కలిపావోయ్, ఎక్కడో అన్నం తగులుతోంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే అక్క మరమరాల పళ్ళెంతో గడప దాటుతోంది. పళ్ళెం కింద పెట్టింది. బావ చేతిలో గ్లాసు తీసుకుని వాసన చూసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"నేను గంజి కాచిన శనివారం కరెంటు పోయింది కదా, పొయ్యి పక్కన గుండిగ ఎవరిది?" అంది.

బావ నాదే అన్నాడు, ఇంకా ఆనందంలోనే ఉన్నాడు పాపం. రెండూ ఒకే రకం గుండిగలు, పెళ్ళిలో జంటగా వచ్చినవి. చీకట్లో వేణ్ణీళ్ళనుకుని, చిక్కబడిన గంజిని పల్చన చెయ్యడానికి అక్క అందులోంచి చెంబులతో ముంచి కలుపుకుంది. తన గుండిగ నిండిపోతే మిగిలిన గంజి ఆ రెండో దానిలోకి వంచేసింది. మొలకల పిండి కలిస్తే ఎంత చిక్కటి జావైనా నీరైపోతుందని పసిబిడ్డకు జావ కాచిన ఏ తల్లికైనా తెలుసు. బావ మొలకల నీళ్ళు అక్క గంజిని కరిగించి, చీమలు పట్టేంత తీపెక్కించేశాయి, అక్క గంజి బావ బీరును తీర్చిదిద్దింది.

"రెండో గ్లాసు అడిగారుగా, కానివ్వండి అన్నయ్యగారూ. మీరు తాగింది బీరు కాదు, నా పడుగు" అని, బావ వైపు తిరిగి, "ఈ ఇంట్లో ఒక గుండిగ అన్నం పెడుతోంది, ఒకటి తినేస్తోంది. ఏది ఉంచమంటారో చెప్పండి" అంది.

బావ వాదించలేదు. ఎవరికీ పోయకుండా మిగిలిన సీసా తాపీగా గుంటలో పెట్టి, మర్నాడు తన గుండిగను తనే తోమి, అక్క గంజి గుండిగ పక్కన బోర్లించాడు. దక్కిన రోజే దక్కకుండా పోయింది. కాని ఆ తరవాత ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పంక్తిలో కూర్చున్నా, వడ్డించేవాడు రెండోసారి రాగానే బావ మా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు.

ఇదంతా అల్లుడితో ఎలా చెప్పను? మొన్న అందరూ వెళ్ళిపోయాక వంటింటి సింకు దగ్గర అతను గ్లాసులు ఒక్కొక్కటే వంపుతున్నాడు. నాలుగు చుక్కల బీరు, గ్లాసుకు నాలుగు వేళ్ళ చొప్పున మిగిలి ఉంది. అతని మొహం చూస్తే మా బావ గుర్తొచ్చాడు, ఆ మెంతుల రోజుల్లోని బావ. కాస్త బియ్యం వేసి చూడు బాబూ అన్నాను, అంతకన్నా చేతకాలేదు. "ఉందండీ మామయ్యగారూ, రైస్ లాగర్ అని, వీడియోలు చాలా ఉన్నాయి" అన్నాడు. ఉంటాయి, లేకేం.

ఉండబట్టలేక బావకు ఫోను చేసి ఇక్కడి చోద్యమంతా చెప్పాను. మగ్గం తీసేసి, గుంట పూడ్చి, పైన టైల్స్ పరిచి చాలా ఏళ్ళయింది. దాని మీదే ఇప్పుడు ఆయన మంచం. డాక్టరు ఆయనకు అన్నం కూడా ఒక్క గరిటే రాశాడు, రెండోది అడగడానికి లేదు. నారింజ తొక్కలూ, తడి మట్టీ, చుక్కలూ అన్నీ ఓపికగా విని, ఒక్కటే అడిగాడు.

"ఎవరైనా రెండోది అడిగారా?"

"లేదు బావా."

ఫోనులో వెనకనుంచి అక్క గొంతు వినబడింది, ఆనాటి రెండో గ్లాసు తనదని తమ్ముడితో చెప్పమంటోంది. నిజమే, ఇప్పుడు పొగడడానికి ఎన్ని మాటలున్నాయో, పొగిడించుకోవడానికి ఎన్ని చుక్కలున్నాయో. మాకు మాటలు లేవు, మంచి బీరూ లేదు. ఖాళీ గ్లాసు ముందుకు చాపే చెయ్యి ఒకటి ఉండేది, దానికోసం మనిషి ఏడాది పొడుగునా గింజలు మొలకెత్తించేవాడు.