పాప ఖర్చులో సగం

ఈ రోజు శుక్రవారం, ప్రార్థన అయ్యాక భయపడుతూనే బహ్రెయిన్‌లోని అవాలి ఊరికి బస్సెక్కాను. నన్ను వదిలేసిన మా ఆయన అక్కడి పనివాళ్ళ క్యాంపులో ఉంటూ, సౌదీకి కడుతున్న వంతెన పనిలో వెల్డరుగా చేస్తున్నాడు. మా పాప కాకినాడలో మా అమ్మ దగ్గరుంది. దాని ఖర్చంతా మనామాలో ఇంటిపని చేసే నా జీతంలోంచే వెళ్తోంది.

ఆయన గేటు బయటికి వచ్చి, "ఇక్కడికెందుకొచ్చావ్?" అన్నాడు.

"పాపని బళ్ళో వెయ్యాలండి. సగం మీరు పెట్టుకోండి."

"నువ్వూ సంపాదిస్తున్నావుగా. ఇంకోసారి వచ్చావంటే నీకు వీసా ఇచ్చిన ఆ ఇంటి కఫీల్‌కి ఫోన్ చేసి ఇండియా పంపించేయిస్తా."

అయినా అన్నాను: "మీ జీతం నా జీతానికి మూడింతలు. నేనడిగింది సగమే."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను పనిచేసే ఇంటి హాల్లో ఫోను మోగింది. కాసేపటికి మేడం గట్టిగా పిలిచింది. నా పని ఖలాస్ అనుకుంటూ వెళ్తే, టీ పెట్టమంది. టీ పెట్టమన్నందుకు ఇంత సంతోషించిన పనిమనిషి బహ్రెయిన్‌లో ఇంకెవరూ ఉండరు.

నన్ను పంపించేస్తే పాపకి డబ్బు పంపేవాళ్ళుండరు. అడగకపోతే ఆయన ఎప్పటికీ ఇవ్వడు. వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్దామనుకుంటున్నాను. మీరైతే వెళ్తారా?