ఫారంలో రాసిన భాష

క్లినిక్‌లో పెత్రోనా మొహం చూసి, ఫారం నింపే అమ్మాయి అడగకుండానే భాష దగ్గర స్పానిష్ అని రాసేసింది. గ్వాటెమాలా కొండల్లో పుట్టిన పెత్రోనా భాష మామ్. స్పానిష్ ఆమెకు సంతలో బేరమాడడానికి సరిపడా మాత్రమే వచ్చు. రొమ్ములో గడ్డ గురించి డాక్టరు అన్నదంతా దుబాసీ ఫోన్లో స్పానిష్‌లో గడగడా చెప్పుకుపోతుంటే, ఆమె తలూపుతూ "సీ, సీ" అంది. సీ అంటే అవునని. రెండు వారాల్లో పరీక్షకు రమ్మన్న సంగతి మాత్రం ఆమెకు తెలియలేదు.

అమెరికాలోని నేపర్‌విల్‌లో ఒక తెలుగు హోటల్లో ఆమె గిన్నెలు కడిగేది. అక్కడ దోసెలు వేసే శ్రీకాకుళం పోలినాయుడి నోట విని తెలుగు పట్టేసింది.

"డాక్టరు ఏటన్నాడక్కా?" అని అతను అడిగాడు.

"ఏటీ నేదన్నా. సీ అన్నాను, పంపేసినాడు."

"నాకూ ఓసారి ఆస్పత్రిలో దుబాసీగా హిందీ ఆవిడని పెట్టినార్లే. హా జీ, హా జీ అనేసి వచ్చీసినాను!"

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఆమె వైద్యమంతా ఎవరు ఏది చెబితే అదే. లాండ్రీలో కలిసే ఆడవాళ్లు ఏదో ఆకు కషాయం తాగమన్నారు. పోలినాయుడు రోజూ పసుపు పాలు కాచి ఇచ్చాడు. గడ్డ పెరిగింది. ఎనిమిది నెలలకు, చర్చిలో పరిచయమైన మామ్ మాట్లాడే ఒకామె తోడు వెళ్లి డాక్టరు మాటలు విడమరిచి చెప్పింది.

పెత్రోనా చివరిసారి హోటలుకు వచ్చింది పని మానేస్తున్నానని చెప్పడానికే. పోలినాయుడు ఎప్పటిలాగే పసుపు పాలు కాచబోయాడు. ఆమే చెప్పింది:

"ఈపాలి మొత్తం అర్థమయిపోనాదన్నా. ఒళ్లంతా పాకిపోనాదట."