ఫ్రాన్సులో అంతే!

అమ్మిరాజు మాస్టారికి నిబంధనల పిచ్చి. కొందరికి పేకాట పిచ్చి ఉంటుంది, కొందరికి పెళ్ళిళ్ళకి వెళ్ళి వంటలకి వంకలు పెట్టే పిచ్చి ఉంటుంది. ఈయనకి ఖాళీ కాగితం కనిపిస్తే చాలు, దాని మీద ఒక అంకె వేసి, పక్కన 'వలెను' అనో 'రాదు' అనో ముగిసే వాక్యం ఒకటి రాస్తే గానీ చెయ్యి ఊరుకోదు. యానాంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్రెంచి చెప్పి, ఆ ఒక్క తరగతికే నలభై ఒక్క నిబంధనలు పెట్టారు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కూడా మూడు అతికిస్తే, ఆయన భార్య భాగ్యంగారు కింద నాలుగోది చేర్చారు. 'నిబంధనలు పెట్టువారు ఆదివారము గిన్నెలు తోమవలెను.' అది మాత్రం ఇప్పటికీ అమల్లో ఉంది.

ఆయన పుట్టింది యానాం పక్కనే ఉన్న కనకాలపేట. వెళ్ళిన దూరదేశం పాండిచ్చేరి. ఫ్రాన్సుని గోడ మీద మ్యాపులో తప్ప చూసిన పాపాన పోలేదు. అయినా ఏ నిబంధన గురించి ఎవరు 'ఎందుకండీ?' అని అడిగినా కళ్ళజోడు ముక్కు కొస మీదకి దించి, ఒకటే జవాబు చెప్పేవారు.

"ఫ్రాన్సులో అంతే!"

ఈ జవాబు ఎస్తేర్‌రాణి విన్నన్నిసార్లు ఇంకెవరూ విని ఉండరు. తొమ్మిదీ పదీ ఆయన దగ్గరే చదివింది. అన్నీ 'ఎందుకండీ' అని అడిగే పిల్ల. ఇప్పుడు అదే బడికి ఫ్రెంచి టీచరుగా వచ్చింది. ఆగస్టు నెలాఖరుకి మాస్టారు రిటైరైపోతారు, ఆ గది ఈమె చేతికొస్తుంది. గదితోపాటు నలభై ఒక్కటీ వస్తాయేమోనని ఆమెకి లోపల గుబులుగానే ఉంది.

గుబులుండదా మరి? తొమ్మిదో నిబంధన ప్రకారం ఫ్రెంచి తరగతిలోకి చెప్పులతో రాకూడదు. టీచరుతో సహా అందరూ గుమ్మం దగ్గర విడిచి రావాలి. పద్నాలుగో నిబంధన ప్రకారం నోటు పుస్తకానికి పాత న్యూస్‌పేపరు అట్టే వెయ్యాలి, బ్రౌన్ పేపరు పనికిరాదు. బట్టలకొట్టు దుర్గాప్రసాద్ ఒకసారి ఈ సంగతి తేల్చుకుందామని బడికే వచ్చేశాడు.

"ఏవండీ మాస్టారూ, మావోడు ముచ్చటపడి మెరుపు కాగితం అట్టేసుకున్నాడండి. చింపించేశారంటండి?"

"అక్కడ మంత్రిగారి పిల్లలైనా న్యూస్‌పేపరేనండీ. ఫ్రాన్సులో అంతే!"

దుర్గాప్రసాద్ ఇంటికెళ్ళి, మంత్రుల పిల్లలంతటివాడు తన కొడుకని భార్యతో చెప్పుకుని సంతోషించాడు.

పదిహేడోది ఆలస్యంగా వచ్చేవాళ్ళది. వచ్చినవాళ్ళు సారీ చెప్పకూడదు, కారణం చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు కూడా. గుమ్మంలో నిలబడి ఆ రోజు ఎండగా ఉందో మబ్బుగా ఉందో ఫ్రెంచిలో చెప్పి కూర్చోవాలి. దాంతో ఆ బడిలో చదివినవాళ్ళకి ఫ్రెంచిలో మిగతాదంతా మరిచిపోయినా వాతావరణం మాత్రం కంఠతా వచ్చు.

ఇక ఇరవై మూడోది ఊళ్ళోకెల్లా పేరుపడింది. ఫ్రెంచి పుస్తకం ముట్టుకునే ముందు ప్రతివారూ సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వరండాలో బకెట్టు, మగ్గు, చిన్న వల సంచీలో గంధం సబ్బు. తరగతి మొత్తం వరసలో నిలబడి చేతులు కడుక్కుంటుంటే లెక్కల మాస్టారు స్టాఫ్ రూములోంచి తొంగిచూసి, "మా లెక్కల పుస్తకానికి లేని మడి మీ ఫ్రెంచికెందుకండీ బాబూ?" అని రోజూ అడిగేవాడు. మాస్టారి జవాబు మీకు తెలుసు.

ఓసారి పాండిచ్చేరి నుంచి అసలు సిసలు ఫ్రెంచి దొర ఒకాయన బడి చూడ్డానికి వచ్చాడు. సొంత దేశంలో పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాడు. మాస్టారు ఆయన చేత బూట్లు విప్పించారు, చేతులు కడిగించారు, పది నిమిషాలు ఆలస్యమైంది కాబట్టి వాతావరణం కూడా చెప్పించారు. దొర సాక్సులతో నిలబడి ఎండగా ఉందని బుద్ధిగా ఒప్పజెప్పి, ఇదంతా ఎందుకని ఫ్రెంచిలోనే అడిగాడు.

"ఫ్రాన్సులో అంతే కదండీ!" అన్నారు మాస్టారు, అంతే చక్కని ఫ్రెంచిలో.

"ఫ్రాన్సులో ఇవేవీ లేవే!"

మాస్టారు కళ్ళజోడు దించారు.

"మీరు బయల్దేరాక పెట్టుంటారు. వెళ్ళాక ఓసారి కనుక్కోండి."

అలాంటి మాస్టారి నెత్తిన కొత్త హెడ్మిస్ట్రెస్ సత్యశ్రీ ఒక శుక్రవారం పిడుగు వేశారు. బుధవారం ఇన్‌స్పెక్షన్. సోమవారానికల్లా ప్రతి సబ్జెక్టుకీ గోడ మీద ఒక చార్టు ఉండాలి, తరగతిలో పిల్లలు ఎలా మసలుకోవాలో పది పాయింట్లు.

"పోయినసారి వచ్చినవాళ్ళు మీ ఫ్రెంచి గది గోడ చూసి ఇది బడా కోర్టా అని రాసి వెళ్ళారు. ఎస్తేర్‌రాణి గారూ, క్లాసు ఇకమీదట మీది. పది దాటితే నేను సంతకం పెట్టను. చార్టులో లేనివి ఇక లేనట్టే," అన్నారావిడ.

ఎస్తేర్‌రాణికి పైకి చెప్పకపోయినా ప్రాణం లేచొచ్చింది. మాస్టారికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

"పదా! పదితో ఎలాగమ్మా?"

"దేవుడికే పది సరిపోయినియ్ కదండీ మెస్యే." మాస్టారిని ఫ్రెంచి మర్యాద ప్రకారం మెస్యే, అంటే 'అయ్యా', అనడం మొదటి నిబంధన. పక్కన గారు తగిలించకపోతే గోదావరి పిల్లలకి నోరు తిరగదు గానీ, ఎస్తేర్‌రాణి ఫ్రెంచి ఎమ్మే.

"దేవుడు హైస్కూల్లో చెప్పలేదు కదమ్మా!"

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ బేరానికి కూర్చున్నారు. మాస్టారి ముందు పాత పొడుగు రిజిస్టరు. అది ఆయన ఎవరి చేతికీ ఇవ్వరు. ఆయనే చదువుతారు, ఆమె రాసుకోవాలి.

"చెప్పులది తీసేద్దామండీ."

"ఉండాలి."

"పోనీ అట్టలది?"

"ఉండాలి."

"ముప్ఫై ఒకటి? వరదల నెలల్లో నోటు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళకుండా బడి బీరువా పై అరలో పెట్టడం?"

"గోదారి రావడం మానేస్తానంటే తీసేద్దాం."

"అయితే సబ్బైనా తీసేద్దామండీ మెస్యే. ఇప్పుడు బడిలో కుళాయిలున్నాయి. పిల్లలు నవ్వుతున్నారండి."

మాస్టారు రిజిస్టరులోంచి తలెత్తి ఆమె వైపు అదోలా చూశారు.

"అది మాత్రం నీ ఇష్టం అమ్మా."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన నోట 'నీ ఇష్టం' రావడం అదే మొదలు. ఎక్కడ మనసు మార్చుకుంటారోనని ఎస్తేర్‌రాణి గబగబా తన కాగితంలో ఇరవై మూడు మీద ఎర్రగీత పెట్టేసింది.

ఇంతలో పెన్షన్ కాగితాల మీద సంతకాలకని ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మాస్టారు లేస్తూ లేస్తూ గుమ్మం దగ్గర ఆగారు. "అన్నట్టు, ఎనిమిదో తరగతిలో సాయిదివ్య పాఠం పైకి చదివే వేళకి రోజూ నీళ్ళకి వెళ్తోంది, చూశావా?"

"దాహమేమోనండి."

"ఇంత వానల్లో దాహమేంటమ్మా," అని వెళ్ళిపోయారు. తొందరలో రిజిస్టరు బల్ల మీదే మరిచిపోయారు.

అసలు మాటలు చూసి సరిగ్గా రాసుకుందామని ఎస్తేర్‌రాణి దాన్ని తన వైపుకి లాక్కుంది. ప్రతి నిబంధన పక్కనా మార్జిన్లో చిన్న అక్షరాలతో ఒక పేరు, తేదీ ఉన్నాయి. తొమ్మిది పక్కన పాపారావు, 2006. పదిహేడు పక్కన లూయిస్. ఓహో, నిబంధన తప్పినవాళ్ళ పేర్లన్నమాట, ముద్దాయిల జాబితా కూడా పెట్టారీయన, అని నవ్వుకుంది. పాపారావు వాళ్ళ వీధివాడే. ఆ పొద్దున కూడా అతని ఆటోలోనే బడికొచ్చింది. చెప్పులతో క్లాసులోకి వచ్చేశాడని సాయంత్రం ఏడిపించాలి అనుకుంది.

అనుకున్నాక ఆగింది. పాపారావన్నయ్యకి ఆ రోజుల్లో చెప్పులేవి? టెన్త్ పరీక్షలు వట్టి కాళ్ళతో రాశానని ఇప్పటికీ ఆటోలో ఎక్కినవాళ్ళందరికీ చెప్తాడు కదా. ఆమె కంటే పై క్లాసులో ఉన్న లూయిస్ తెల్లారగట్ల తండ్రితో వలకెళ్ళి, అట్నుంచటే తడిబట్టలతో బడికొచ్చేవాడు.

ఆమె వేలు మెల్లగా కిందికి జరిగి ఇరవై మూడు దగ్గర ఆగింది. పక్కన మార్జిన్లో రాసి ఉంది. ఎస్తేర్‌రాణి, 8 జూలై 2013.

అప్పట్లో వాళ్ళమ్మ మరియమ్మ రొయ్యలు అమ్మేది. బడికొచ్చే ముందు బుట్టెడు ఒలిచి ఇవ్వడం ఎస్తేర్‌రాణి పని. ఎంత తోమినా చేతుల నీచువాసన పోయేది కాదు. తొమ్మిదో తరగతిలో ఒక శుక్రవారం ఫ్రెంచి పీరియడ్లో పక్కన కూర్చున్న శివకుమార్ ముక్కు మూసుకుని లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయాడు. క్లాసంతా నవ్వింది. ఆ ఆదివారం చర్చిలో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ప్రభువా, నా చేతుల వాసన పోగొట్టు, లేకపోతే నేనిక బడికి వెళ్ళను అని కన్నీళ్ళతో ప్రార్థన చేసింది. సోమవారం వచ్చేసరికి వరండాలో బకెట్టు, గంధం సబ్బు ప్రత్యక్షం. మొదట కడుక్కున్నవాడు శివకుమార్. ఆ రోజు నుంచి క్లాసులో ముప్ఫై రెండు జతల చేతులూ ఒకటే వాసన.

దేవుడే సబ్బు పంపాడని ఎస్తేర్‌రాణి అప్పుడే నమ్మేసింది. నమ్మి ఊరుకోలేదు. యూత్ మీటింగుల్లో నాలుగుసార్లు, క్రిస్మస్ కూటంలో ఒకసారి సబ్బు మీద సాక్ష్యం చెప్పింది. ఒక పాస్టరుగారైతే ఆ సంగతి కాకినాడ దాకా తీసుకెళ్ళారు.

ఆమెకి ఏడుపు రావాల్సింది గానీ, ముందు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళు ఆ మనిషి ఒక్క ముక్క బయటపెట్టకుండా, ఊరంతా పిచ్చోడంటే పిచ్చోడనిపించుకుని, ఫ్రాన్సుని అడ్డం పెట్టుకుని కూర్చున్నాడే అని ఆయన మీద కోపం, అంతకు పదింతల ప్రేమ కలిగాయి.

మాస్టారు తిరిగొచ్చి, తెరిచున్న రిజిస్టరు చూసి, దొంగతనంలో దొరికిపోయినవాడిలా నిలబడ్డారు.

"ఇరవై మూడు ఎందుకు పెట్టారండీ మెస్యే?"

"ఫ్రాన్సులో..."

"పక్కన నా పేరెందుకుందండీ?"

"అదా? నువ్వు సబ్బు తెగ అరగదీసేదానివి. గుర్తుకి రాసుకున్నా."

"సబ్బు పెట్టిన రోజే అరిగిపోయిందాండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుస్తూ కిటికీలోంచి బయటికి చూశారు. "వానొచ్చేలా ఉందమ్మా," అన్నారు ఫ్రెంచిలో.

ఇంటికెళ్ళి సంగతంతా చెబితే మరియమ్మ చేపలు తోముతూ తలైనా ఎత్తలేదు. "ప్రభువు అమ్మిరాజుగారి చేత కొనిపించాడే. ప్రభువే దిగి యానాం బజారుకి వచ్చి సబ్బు కొంటాడా ఏంటి? నీ సాక్ష్యానికొచ్చిన లోటేం లేదు."

సోమవారం పొద్దున్నే చార్టు సత్యశ్రీగారి బల్ల మీద ఉంది. సరిగ్గా పది పాయింట్లు. చెప్పులు ఉన్నాయి, అట్టలు ఉన్నాయి, సబ్బు అన్నిటికంటే పైన ఉంది. ఆవిడ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి పదో దగ్గర ఆగారు. 'మిగిలిన ముప్ఫై మూడు నిబంధనలు తరగతిలో నోటితో చెప్పబడును.'

"ఇదేంటండీ ఎస్తేర్‌రాణి గారూ?"

"పది దాటలేదండీ మేడమ్."

ఆవిడ నవ్వాపుకుంటూ వేళ్ళ మీద లెక్కేశారు. "పైన తొమ్మిది, ఇక్కడ ముప్ఫై మూడు. నలభై రెండవుతోంది. ఒకటి ఎక్కువుందే?"

"అది నాదండీ."

సత్యశ్రీగారు పెన్ను తీసి సంతకం పెట్టేశారు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి మాస్టారు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, గుమ్మంలో నిలబడి వానగా ఉందని ఫ్రెంచిలో ఒప్పజెప్పి, వెనక బెంచీలో కూర్చున్నారు. ఎందుకు ఆలస్యమైందని ఎస్తేర్‌రాణి అడగలేదు.

"నలభై రెండో నిబంధన," అని బోర్డు వైపు తిరిగింది. "ఇకనుంచి ఫ్రెంచి ఎవరూ ఒక్కరే పైకి చదవకూడదు. పక్కవాళ్ళతో గొంతు కలిపి చదవాలి. మొదటి బెంచీ, లేవండి."

మొదటి బెంచీలో నాగవేణి, సాయిదివ్య. సాయిదివ్య ఒక్కర్తే చదివితే మొదటి మాట దగ్గరే నాలుక పట్టేసి, ఆ అక్షరమే పదిసార్లు తిరిగేది. నాగవేణి గట్టిగా ఎత్తుకుంది. దాని గొంతు పట్టుకుని సాయిదివ్య గొంతు కూడా బయల్దేరింది. ఒక వాక్యం, రెండు వాక్యాలు, పేజీ మొత్తం, ఎక్కడా ఆగలేదు. చదివి కూర్చున్నాక తనే ఆశ్చర్యపోయి పుస్తకం వైపు చూసుకుంది. నీళ్ళ సంగతి ఎత్తనే లేదు.

మూడో బెంచీలోంచి ఒక పిల్లాడు చెయ్యెత్తాడు.

"మేడంగారండీ, ఇది కూడా ఫ్రాన్సులో ఉందాండీ?"

ఎస్తేర్‌రాణికి కళ్ళజోడు లేదు. లేకపోయినా ముక్కు కొస దాకా దించినంత పనిచేసి వాడి వైపు చూసింది.

"ఆయ్. మొన్న శనివారమే పెట్టారు."

వెనక బెంచీలో అమ్మిరాజు మాస్టారు, ఆ కబురు తనకి ఎప్పుడో అందినట్టు తలాడించారు.