ఆసామి పంచె దులిపిన రోజు

మిరపకాయల కల్లంలో పనిచేసిన ఆడమనిషి సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఒడి దులిపి చూపించాలి. ఎనభైల్లో రెంటచింతల పక్కన మా ఊళ్లో అది ఆచారం. నడుముకు చెక్కుకున్న కొంగు విప్పి, అందరి ఎదుటా రెండుసార్లు విదిలించి, అప్పుడు కల్లం దాటాలి. మా ఊళ్లో పెద్ద కల్లం ఉన్న ఆసామి ఆ వేళకు కుర్చీ వేయించుకుని మరీ కూర్చునేవాడు. మా అమ్మ ఆయన దగ్గరే కూలికి పోయేది. నేనప్పటికే ఒక దినపత్రికకు గురజాల నుంచి వార్తలు పంపుతున్నాను. పత్రికవాళ్లు ఇచ్చేది నా బస్సు ఛార్జీలకే సరిపోయేది కాబట్టి అమ్మ కూలి మానలేదు.

ఒకరోజు ఆమె ఒళ్లోంచి గుప్పెడు ఎండుకాయలు రాలాయి.

"ఏమే, ఇదేంది?" అన్నాడు ఆసామి.

"పచ్చట్లోకి బాబూ."

"అడిగితే ఇయ్యనా?"

అడిగితే ఇవ్వడని అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ కాయలన్నీ ఆమె చేతనే ఏరించి కుప్పలో వేయించాడు. "మీ బుద్ధులు ఇట్టా ఉంటే మీ పేదరికం ఏడ పోద్దే?" అని నవ్వాడు. ఇదంతా నాకు చెప్పింది పక్కింటి పిన్ని. అమ్మ చెప్పలేదు. ఆ పూట ఉత్త చింతపండు పులుసుతో అన్నం తిని, చెయ్యి కడుక్కుని లేచింది.

ఆ వారమే గురజాలలో సభ జరిగింది. ప్రపంచంలో పేదరికం ఎప్పటికైనా పోతుందా అన్నది విషయం. అధ్యక్షుడు మా ఆసామే. పట్నం నుంచి వచ్చిన వక్తలు పరిశ్రమలన్నారు, చదువులన్నారు, జనాభా అన్నారు. చివర్లో ఆయన లేచి, "పేదవాడు నిజాయితీగా ఉంటే చాలు, పేదరికం దానంతట అదే పోతుంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను ముందు వరసలో కూర్చుని అక్షరం వదలకుండా రాసుకున్నాను. అది నా పని. మర్నాడు పత్రికలో ఆ మాటే శీర్షికైంది. ఆయన దాన్ని కల్లంలో గట్టిగా చదివించాడట, మా అమ్మ కాయలు ఏరుతుండగా.

తర్వాతి ఆదివారం మా పేటవాళ్లం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాం. ఆ రోజు కల్లానికి సెలవు. ఉన్నట్టుండి మాచర్ల వైపు మబ్బు లేచింది. కల్లంలో పంటంతా పరిచి ఉంది. తడిస్తే ఎండుకాయ రంగు పోయి తెల్లబడుతుంది, బూజు పడుతుంది. గుంటూరు తీసుకెళ్లినా కొనేవాడుండడు. వాన పడేలోగా కుప్ప చేసి పట్టాలు కప్పాలంటే పేటంతా కదలాలి.

ఆసామి తనే వచ్చాడు. ఆయన మా పేటలో కాలు పెట్టడం నేను చూడటం అదే మొదలు.

"ఏంది బాబూ, దారి తప్పావా?" అంది పిన్ని.

"ఎగతాళి తర్వాత గానీ, మబ్బు చూడండే! లేవండి, లేవండి!"

ఒక్కరూ లేవలేదు. అమ్మ గడపలో కూర్చుని మిరప మంటకు చేతులకు ఆముదం రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: "వస్తాం బాబూ. ముందు నీ పంచె దులుపు."

"ఏందే?"

"మా పేటలోకి వచ్చావు గదా. పోయేటప్పుడు ఏం పట్టుకుపోతన్నావో మాకేం తెలుసు? దులుపు."

"మన కొంపల్లో ఏముందని పట్టుకుపోతాడే అక్కా?" అంది పిన్ని.

"ఏం పట్టుకుపోకుండానే అంత కల్లం అయిందా?" అంది అమ్మ.

అరుగుల మీద నవ్వులు లేచాయి. ఆసామి ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "ఒరేయ్, చదువుకున్నోడివి. నువ్వన్నా చెప్పరా."

"నిజాయితీ ఉన్నోడికి భయమేంది బాబూ? దులుపు," అన్నాను.

ఉరుమొకటి దొర్లింది. ఆయన ఆకాశం వైపు చూశాడు, మా వైపు చూశాడు, కుచ్చెళ్లు లాగి విదిలించాడు. ముక్కుపొడి డబ్బా ఒకటి మట్టిలో పడింది.

"రెండుసార్లు," అంది అమ్మ.

రెండోసారి కూడా దులిపాడు. అప్పుడు లేచారు అందరూ. లేచి, పిన్ని జుట్టు విప్పి మళ్లీ ముడి వేసుకుంది. అమ్మ రెండో చేతికి కూడా నిదానంగా ఆముదం పట్టించింది. మేం కల్లం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. సగం పంట కప్పాం. మిగతా సగం మా కళ్లెదుటే తడిసింది. ఇన్నేళ్లయినా ఆ తడిసిన సగం గుర్తొస్తే నాకు జాలి కలగదు.

జరిగిందంతా రాసి పంపాను. 'అకాల వర్షంతో మిర్చి రైతుకు నష్టం' అని నాలుగు వాక్యాలు వేశారు. పంచె సంగతి తీసేశారు. ఆ తర్వాత పేదరికం పోతుందా అని అడిగే సభలకు చాలా వెళ్లాను. ప్రతిసారీ ముందుగా వేదిక మీదివాళ్ల పంచెలు, ప్యాంట్లు చూసేవాణ్ణి. అవి దులపమని ఎవరూ అడగరు. అడగనంతకాలం ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ వాన పడిన మర్నాడు సాయంత్రం పని ముగిశాక అమ్మ ఆసామి కుర్చీ ముందు ఆగిందట. కొంగు విప్పలేదు. కుప్పలోంచి గుప్పెడు ఎర్రటి కాయలు తీసి, ఆయన చూస్తుండగానే ఒళ్లో పోసుకుని వచ్చేసింది. ఆయన పక్కకు తిరిగి దగ్గాడట.

ఆ పూట మా ఇంట్లో రోలు చానాసేపు మోగింది. పచ్చడి కళ్లలో నీళ్లు తెప్పించింది. ఇంకాస్త వేయించుకున్నాను.