కల్లంలో వదిలేసిన కాయలు

కాందిశీకుల గురించి లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. మా ఊరి సంగతి ఎందులోనూ లేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న తడిసిన మిరపకాయల వాసనకి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు పంచాయతీ ఎన్నికల్లో మాది ఓడిన పార్టీ. బాంబులు పేలుతుంటే గెలిచినవాళ్ల టపాకాయలనుకుని చప్పట్లు కొట్టాను. అమ్మ నన్ను ఈడ్చుకెళ్లి ట్రాక్టరెక్కించింది. పంటంతా కల్లంలోనే ఉండిపోయింది.

పెదకాకానిలో అత్తయ్య ఇంటి నుంచి నాన్న ఊళ్లో మా పక్కింటాయనకి ఫోన్ చేశాడు.

"వానొచ్చేట్టుంది, కాయల మీద పట్టా కప్పరా!"

"మీ కాయలు ముట్టుకుంటే నన్నూ ఊళ్లో ఉండనివ్వరన్నా."

కాయలన్నీ కుళ్లిపోయాయి.

"మనింటికి ఎప్పుడెళ్తాం నాన్నా?"

"వాళ్లు రానిచ్చినప్పుడు."

మా ఇంటికి మమ్మల్ని వాళ్లు రానివ్వడమేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఇన్ని పుస్తకాలు చదివినా ఇప్పటికీ అర్థం కాలేదు.

ట్రాక్టరు తోలిన కోటయ్య బాబాయికి, చోటిచ్చిన రాజ్యం అత్తయ్యకి కృతజ్ఞతలు. తరిమినవాళ్ల పేర్లూ తెలుసు. రాయలేను, ఊరికి తిరిగొచ్చాం, ఇప్పటికీ వాళ్లదీ మాదీ ఒకే వీధి.