ప్రసాదు తెంపిన దండెం

నా పంచె ఆరేసుకునే దండేన్ని పక్కింటి ప్రసాదు తెంపి మూడేళ్లయింది. "బాబాయ్ గారూ, ఇది రోజూ రైలెక్కి న్యూయార్క్ ఆఫీసులకెళ్లే పెద్దవాళ్ల ఊరు. బట్టలు బయట ఆరేస్తే మన తెలుగువాళ్ల పరువు పోతుంది" అన్నాడు. ఆ మాట నేను మరవలేదు.

ఈ సాయంత్రం వాళ్ల డ్రయ్యర్ చెడిపోయింది. తడి చొక్కాల బుట్టతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, పొద్దున్నే ట్రైన్, పైగా మీటింగ్. మీ డ్రయ్యర్ ఒక్క గంట వాడుకోనా?"

"పెరట్లో తాడు కట్టుకుని ఆరేసుకో నాయనా. ఊరంతా చూడనీ" అని తలుపేశాను.

మా అమ్మాయి నన్ను తిట్టింది. తిట్టనీ, నాకేం జాలి లేదు. ఈ కాగితం మన తెలుగు సంఘం బోర్డుకి అంటిస్తున్నాను. నాది తప్పయితే మీరే చెప్పండి. వాడు మాత్రం తెంపిన చేత్తోనే నా దండెం మళ్లీ కట్టాలి. కడతావా, కట్టవా? ఆదివారంలోగా జవాబు చెప్పు ప్రసాదూ!