పొడుగు కీర్తన

మొన్న శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు మా ఇంట్లో ప్రార్థన పెట్టించుకున్నాను. కప్పగల్లులో ఒంటరిగా ఉండే నాకు ఇంట్లో మనుషుల మాట వినపడేది ఆ పూటే. మా చర్చి సంఘంలో ప్రార్థన ఎవరింట్లో జరిగితే వాళ్లే బైబిల్లోంచి ఒక కీర్తన చదవాలి. పోయినసారి పొట్టిది చదివితే, అందరూ టీ తాగి చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఈసారి అన్నిటికంటే పొడుగైనది తెరిచాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. చీకటి పడినా సగం కూడా కాలేదు.

"ఇంకా ఎంతుండాదవ్వా?" అన్నాడు పాస్టరు.

"దేవుని మాట మధ్యలో ఆపుతారాప్పా?" అన్నాను.

నా ఈడుదైన వెనకవీధి ఆమె పకపకా నవ్వింది. "యాడికీ పోనీకుండా మమ్మల్ని కట్టేస్తాండావు గదే ముసిల్దానా!"

"అవును. పోతే మళ్లా ఎప్పుడొస్తారు మీరు?"

ఆమె లేచి నా చేతిలోని పుస్తకం మూసేసింది.

"చదవకున్నా కూసుంటాం లేవే. ఉగ్గాని చెయ్యి, ఆకలైతాండాది."

బొరుగులు తడిపి తాలింపు వేశాను. తింటూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. ఆ రోజు ఉన్నది పాస్టరు, ఆయన భార్య, వెనకవీధి ఆమె, చీకటి పడిందని ఆమెను తీసుకుపోవడానికొచ్చి రెండుసార్లు వడ్డించుకున్న ఆమె ఆటో డ్రైవరు అల్లుడు, నేను.